సంచి తిరిగి కొట్టదు

భోజనాల బల్ల మధ్యలో, కూర గిన్నెకీ మంచినీళ్ళ సీసాకీ నడుమ, సిస్టరమ్మ రెండు గుడ్డ కట్లు తెచ్చి పెట్టింది.

"ఇవి ఎవరివి?" అంది.

కొడుకు ముద్ద నోటి దగ్గర ఆపి చూశాడు. కోడలు మాత్రం చూడలేదు. చూడకుండానే సంగతి తెలిసినట్టు మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కుంది.

"ఏమిటమ్మా అవి?" అన్నాడు కొడుకు.

"నన్నడుగుతావేంరా? నేనే అడుగుతున్నాను. ఉతకాల్సిన బట్టల్లో, తువ్వాలు మడతలో దొరికాయి. పడేసినట్టు లేవు, దాచినట్టున్నాయి."

ఆవిడ ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లోనే గడిచింది. రిటైరై ఇంట్లో కూర్చున్నా వీధంతటికీ సిస్టరమ్మే. కట్టు కంటబడితే చుట్టకుండా ఉండలేని మనిషి. వీటినీ మందునీళ్ళలో వేసి సలసలా కాచి, ఎండలో ఆరేసి, అంచుకి అంచు కలిసేలా బిగించి చుట్టి మరీ తెచ్చింది.

చుట్టేటప్పుడే అనుమానం వచ్చింది. ఒక కొసన బొటనవేలు దూరేంత ఉచ్చు, రెండో కొసన అంటుకునే పట్టీ. ఇలాంటి కట్టు ఆవిడ ఏ వార్డులోనూ చూడలేదు. ఏ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోనో కొత్తగా దిగిన సరుకు అయ్యుంటుందనుకుంది. అంటే ఇంట్లో ఇంత నర్సుని పెట్టుకుని, కోడలు బయటెక్కడో గుట్టుగా కట్లు కట్టించుకుంటోందన్నమాట. ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి ఆవిడ మనసు మనసులో లేదు.

"నావే," అంది కోడలు.

"దెబ్బెక్కడ?"

"దెబ్బేం లేదు అత్తయ్యా."

"దెబ్బ లేకుండా ఊరికే కట్టెవరు కట్టించుకుంటారమ్మా? సరదాకా? ఆ వేళ్ళ కణుపులు చూసుకున్నావా, తోలు లేచిపోయి!"

కోడలు కుడిచెయ్యి బల్ల కిందికి దించేసింది.

"అమ్మా, దాన్ని తిననివ్వు," అన్నాడు కొడుకు మెల్లగా. అతను ఏం మాట్లాడినా మెల్లగానే మాట్లాడతాడు. కళ్ళజోళ్ళ షాపు అతనిది. 'పైకి చూడండి, ఇప్పుడు కిందికి' అంటూ గడ్డం కింద వేలు ఆనించి అద్దాలు మారుస్తుంటే చంటిపిల్లలు కూడా కిక్కురుమనరని పేరు. ఆ మెత్తని గొంతుతోనే పెళ్ళాం వైపు తిరిగాడు.

"పోయిన శుక్రవారం మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఐదింటికే వెళ్ళిపోయావన్నారు. నువ్వు ఇంటికొచ్చింది ఎనిమిదింటికి. ఓవర్‌టైమ్ అన్నావు."

"నా మీద నిఘా పెట్టారా?"

"అడిగానంతే."

"ఎవర్ని?"

"నీ పక్క సీటు అమ్మాయిని."

"అదీ సంగతి! అందుకే ఆ పిల్ల మర్నాడంతా నన్ను అదోలా చూసింది."

"అదోలా చూడ్డానికి ఏముందని?"

కోడలు గ్లాసెత్తి నీళ్ళు తాగింది. ఫ్రిజ్ ఒకటే గుర్రుమంటూ ఉంది. ఈ ఇంట్లో వారం రోజులుగా మాటలు ఇలాగే ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నాయి. ఆగిన చోట ఎవరికి వాళ్ళు తోచింది ఊహించుకుంటున్నారు.

"చెప్తాను. ఇప్పుడు కాదు," అంది కోడలు. కంచం తీసుకుని లేచింది. వంటింట్లో పై అరలో డబ్బా పెట్టడానికి చెయ్యెత్తితే వదులు చొక్కా పొడుగు చెయ్యి భుజం దాకా జారింది. జబ్బ మీద నీలంగా ఏదో కనిపించింది. సిస్టరమ్మ కళ్ళు చికిలించేలోగా చెయ్యి దిగిపోయింది.

కోడలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక ఆవిడ కొడుకు పక్కకి వచ్చి కూర్చుంది.

"చెయ్యి కడుక్కుని ఇలా ఇయ్యి," అంది.

"ఎందుకు?"

"ఇయ్యరా."

కడుక్కొచ్చి ఇచ్చాడు. ఆవిడ ఆ చేతిని దీపం వెలుగులోకి లాగి, కణుపులు ఒక్కొక్కటే తడిమి, అరచెయ్యి తిప్పి చూసింది. తర్వాత రెండోది. గోళ్ళు కత్తిరించి, నున్నగా, అద్దాలు తుడిచే మనిషి చేతుల్లా ఉన్నాయి. ఒక్క గీత లేదు.

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది.

"అమ్మా... నేను దాన్ని కొడుతున్నాననుకుంటున్నావా?"

ఆవిడ అతని చెయ్యి వదల్లేదు.

"చేతులు చూశావుగా. ఏమైనా ఉందా?"

"మీ నాన్న చేతులు కూడా శుభ్రంగానే ఉండేవిరా," అంది సిస్టరమ్మ.

అతను చెయ్యి లాక్కుని లేచి వెళ్ళిపోయాడు. కన్నకొడుకుని దొంగలా నిలబెట్టి సోదా చేసినందుకు ఆవిడకి సిగ్గేసింది. సిగ్గు పడుతూనే ఉంది, అనుమానం మాత్రం అంగుళం కదల్లేదు. ఆ ఒక్క సంగతి తేలితే చాలు ఆవిడకి. తన కడుపున పుట్టినవాడు వాళ్ళ నాన్నలాంటివాడేనా, కాదా?

*

శుక్రవారం సాయంత్రం కోడలు ఆఫీసు వదిలి బస్సెక్కితే, సిస్టరమ్మ అదే బస్సు వెనక గుమ్మంలోంచి ఎక్కింది. ముఖానికి కూరగాయల సంచి అడ్డం పెట్టుకుంది. దాని వల్ల ఎవరికీ కనబడకుండా పోయిందో లేదో గానీ, బస్సులో అందరూ ఆవిడనే చూశారు, కోడలు తప్ప.

కోడలు దిగింది టైర్ల షాపులున్న వీధిలో. ఓ షాపు పక్కన ఇరుకు మెట్లుంటే చకచకా ఎక్కి వెళ్ళిపోయింది. పైన కిటికీలకి పరదాలు వేసి ఉన్నాయి. ఆ పరదాలు చూసేసరికి సిస్టరమ్మ మెట్ల కిందే ఆగిపోయింది. ఏం చూడాల్సి వస్తుందో! కొడుకు తప్పు లేదని తేలాలంటే కోడలి తప్పేదో బయటపడాలి. ఏది తేలాలని మొక్కుకోవాలో కూడా తెలియని పరిస్థితి.

"పైకా అమ్మా?" అన్నాడు టైర్ల షాపతను, పంచరు చూస్తూ. "వెళ్ళండి. మొదలెట్టేసి ఉంటారు కొట్టుకోడం."

"కొట్టుకోడమా?"

"రోజూ ఉండేదే. మాకు అలవాటైపోయింది."

సగం మెట్లెక్కేసరికి దబ్, దబ్ మని మోత వినిపించింది. దాని మీదుగా ఓ ఆడగొంతు: "ఊపిరి! ఊపిరి వదలండి! బిగబట్టకూడదు!"

కాన్పు గదిలో తప్ప సిస్టరమ్మ ఇలాంటి కేక ఎక్కడా వినలేదు. మిగిలిన మెట్లు గబగబా ఎక్కి తలుపు తోసింది.

పెద్ద హాలు. పైకప్పుకి ఉన్న ఇనుప దూలాలకి గొలుసులతో తోలు సంచులు వేలాడుతున్నాయి, ఒక్కోటీ మనిషంత పొడుగు. ఒక్కో సంచి ముందు ఒక్కో ఆడమనిషి. చేతులకి ఎర్రటి లావుపాటి గ్లవ్స్. కిటికీ పక్క సంచి దగ్గర, పొట్టిచేతుల బనీను వేసుకుని, చెమటతో తడిసి ముద్దయి, పళ్ళు బిగించి బాదుతున్న మనిషి సాక్షాత్తు తన కోడలు.

ఆ పిల్ల ఇటు తిరిగింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఊగుతూ వచ్చిన సంచి భుజానికి తగిలి ఓ అడుగు వెనక్కి నెట్టింది.

"అత్తయ్యా! మీరా?"

"నేనే. ఎవర్నమ్మా అలా చితగ్గొడుతున్నావు?"

"సంచినండీ."

"అది కనిపిస్తూనే ఉంది."

ఇద్దరూ గోడవార బల్ల మీద కూర్చున్నారు. కోడలు గ్లవ్స్ లాగేసింది. లోపల చేతుల చుట్టూ ఆ కట్లే. బొటనవేలి ఉచ్చు బొటనవేలికే ఉంది. సిస్టరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"దెబ్బ తగిలాక కట్టుకునేవి కావత్తయ్యా ఇవి. తగలకుండా ముందే కట్టుకుంటారు. మీరు కాచేశారుగా, పట్టు పోయింది. అందుకే ఇవాళ కణుపులు ఇంకా గీరుకుపోయాయి."

"చెప్పి చావొచ్చుగా!"

"చెప్పాలనే అనుకున్నాను." ఆ పిల్ల ముఖం తుడుచుకుంది. "పొద్దున్నే పరుగుకి వెళ్తాను కదా. మోకాలు వాచి మీరే కాపడం పెట్టారు, గుర్తుందా? అప్పుడు మాకు పరుగు నేర్పే ఆయన, రోజూ పరుగే అయితే మోకాళ్ళు అరిగిపోతాయి, వారానికి రెండు రోజులు ఒంటికి వేరే పని చెప్పమన్నాడు. ఈత కొట్టమన్నాడు. నాకా నీళ్ళంటే చచ్చేంత భయం. బస్సులోంచి ఈ బాక్సింగ్ బోర్డు కనిపించింది. మొదటి రోజు నవ్వొచ్చింది. రెండో రోజు ఏడుపొచ్చింది."

"ఏడుపెందుకు?"

"ఏమో. రోజంతా ఫోన్లో తిట్లు తినే ఉద్యోగం కదండీ నాది. పార్సెల్ రాలేదని ఒకడు, వచ్చింది పగిలిందని ఇంకొకడు. పంపింది నేను కాదు, పగలగొట్టింది నేను కాదు. అయినా అందరికీ 'క్షమించండి సార్, క్షమించండి మేడమ్' అంటూనే ఉండాలి. ఈ సంచికి క్షమాపణ చెప్పక్కర్లేదత్తయ్యా. రెండు గంటలు దీన్ని బాదితే బుర్ర తేలికైపోతుంది, పడుకోగానే నిద్ర పడుతుంది. పరుగులో ఆయాసం కూడా తగ్గింది."

"ఇంత మంచి పనిని దొంగతనంగా చెయ్యడమెందుకే తల్లీ? వాడితో చెబితే పోయేదేముంది?"

కోడలు కట్టు విప్పుతోంది. విప్పినదాన్ని అత్తగారు చుట్టిన పద్ధతికి ఎదురుగా, ఉచ్చు పైకి వచ్చేలా చుట్టసాగింది.

"పరుగుకి వెళ్తేనే దారిలో ఎవరు చూశారు, ఏ బట్టలేసుకున్నావు అంటారాయన. ఇక ఇది చెబితే..." ఆగింది. "చెప్తాను లెండి. ఇవాళే చెప్పేస్తాను."

అప్పుడు చూసింది సిస్టరమ్మ, దగ్గర్నించి. పొట్టిచేతి కింద, జబ్బ మీద, నీలం తిరిగి పసుపుకి మారుతున్న మచ్చలు. ఒకటి కాదు. వరసగా నాలుగు.

"ఇదేమిటి మరి?"

"అదా... ఇక్కడిదే." కోడలు బనీను చెయ్యి కిందికి లాగింది. "ఎవరి చెయ్యో తగిలింది."

వార్డులో సిస్టరమ్మ ఎంతమంది దగ్గర విందో ఇలాంటివి. జారిపడ్డాను. తలుపు తగిలింది. మెట్టు చూసుకోలేదు. విని, తలూపి, మందు రాసి పంపేది. తను కూడా తోటి నర్సులతో అవే మాటలు చెప్పేది. అందుచేత ఆ జవాబులో తొందర ఆవిడ చెవికి తగలకపోలేదు. కానీ ఇవాళ నమ్మాలనిపించింది. బాక్సింగ్ అన్నాక దెబ్బలు తగలవా మరి! కణుపులకి కారణం దొరికింది, ఓవర్‌టైమ్‌కి దొరికింది, కట్లకి దొరికింది. దీనికి మాత్రం ఎందుకు దొరకకూడదు?

నా కొడుకు వాళ్ళ నాన్న కాదు, అనుకుంది. అనుకోగానే ఒళ్ళంతా తేలికైపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమండీ, కట్లు ఉడకబెట్టిన సిస్టరమ్మగారు మీరేనా?" అంటూ వచ్చిందొకావిడ, మెడలో ఈల వేసుకుని. స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి, మానేసి ఈ హాలు పెట్టుకుందిట. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. "వచ్చారు ఎలాగూ, నాలుగు గుద్దులు గుద్ది వెళ్ళండి."

"నేనా? చాల్లెండి. చూసినవాళ్ళు నవ్విపోతారు."

"ఇక్కడ నవ్వడానికి ఎవరికీ ఊపిరి ఖాళీ లేదు."

వద్దువద్దంటూనే చేతులు ముందుకి చాపింది సిస్టరమ్మ. కోడలే గ్లవ్స్ తొడిగింది. మొదటి గుద్దు సంచిని పలకరించినట్టుంది. రెండోదానికి కాస్త కదిలింది.

"బిగబట్టకండి. కొట్టేటప్పుడు ఊపిరి వదలాలి," అంది డ్రిల్లు టీచరు, సంచిని వెనక నుంచి పట్టుకుని. "నోటితో ఏదైనా అనండి, ఊపిరి దానంతటదే వస్తుంది. లోపల ఉండిపోయిన మాటేదన్నా ఉంటే అదే అనండి."

లోపల ఉండిపోయిన మాట ఉంది. భర్త నలుగురిలో ఎప్పుడూ ఆవిడ పక్కనే కూర్చునేవాడు. ప్రేమగా జబ్బ మీద చెయ్యి వేసేవాడు. నవ్వుతూ కబుర్లు చెబుతూ ఆ వేళ్ళు మెల్లగా కండలోకి దించేవాడు. వచ్చినవాళ్ళు ఎంత అన్యోన్యమో అని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆయన బతికున్నన్నాళ్ళూ రెండే రెండు మాటలు ఆవిడ గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాయి.

"చెయ్యి తియ్యి," అంది సిస్టరమ్మ. గుద్దింది.

"గట్టిగా!"

"చెయ్యి తియ్యి! చెయ్యి తియ్యి!"

గొలుసు కిర్రుమంది. పక్క సంచుల మోత ఆగింది. ఆవిడ రొప్పుతూ సంచిని వాటేసుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత, ఆ మాట వినాల్సినవాడు పోయాక, ఓ టైర్ల షాపు పైన అనగలిగింది. ఏడుస్తూ, ఆ ఏడుపులోనే నవ్వింది.

"ఎవరండీ ఆయన?" అంది డ్రిల్లు టీచరు నెమ్మదిగా.

"పోయారు."

"ఇక్కడ పోయినవాళ్ళకే ఎక్కువ తగులుతాయిలెండి."

కోడలు నీళ్ళు పట్టుకురావడానికి అవతలికి వెళ్ళింది. సిస్టరమ్మ ముక్కు చీదుకుని, మనసు కుదుటపడ్డ హుషారులో అంది: "మా అమ్మాయి మీద కాస్త దయ ఉంచండమ్మా. జబ్బ మీద చూడండి, ఎవరో కమిలిపోయేట్టు కొట్టారు."

"ఇక్కడా?" డ్రిల్లు టీచరు ముఖం చిట్లించింది. "ఇక్కడ మీ అమ్మాయిని ఎవరూ ముట్టుకోలేదండీ."

"చెయ్యి తగిలిందని చెప్పిందే?"

"తగలడానికి ఎదురుగా మనిషుంటే కదా! కొత్తవాళ్ళకి ఆరు నెలలు నిండేదాకా నేను మనిషిని ఎదురు పెట్టను. ఉత్త సంచే." ఆవిడ సంచి మీద అరచేత్తో తట్టింది. "సంచి తిరిగి కొట్టదు కదండీ."

సిస్టరమ్మ చేతులకి గ్లవ్స్ ఇంకా అలాగే ఉన్నాయి. కోడలు సీసా తెచ్చి మూత తీసి పట్టించింది. ఆవిడ తాగింది. తాగుతూ ఆ పిల్ల జబ్బ వైపే చూసింది.

*

ఇంటికి వచ్చేదాకా బస్సులో కోడలే మాట్లాడింది. గుట్టు రట్టయిపోయిన సంతోషంలో ఆ పిల్ల నోరు ఆగలేదు. సిస్టరమ్మ ఊ కొట్టింది. వీలు చూసి ఒకసారి అడిగింది, "ఆ మచ్చలు నిజంగా అక్కడివేనా అమ్మాయ్?" అని.

"అబ్బ, చెప్పానుగా అత్తయ్యా," అంది కోడలు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

కొడుకు అప్పటికే షాపు మూసి వచ్చేశాడు. తలుపు తీసి, ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. పెళ్ళాం పొట్టిచేతుల బనీను దగ్గర చూపు కాసేపు నిలిచింది.

"ఇద్దరూ కలిసే! ఎక్కడినుంచి?"

"కూర్చోండి, చెప్తాను," అంది కోడలు. చెప్పేసింది. మోకాలు, బస్సులోంచి కనిపించిన బోర్డు, సంచి, కాచిన కట్లు, అన్నీ. అత్తగారి గుద్దుల దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి చేసి చూపించింది. ఏ మాట అంటూ గుద్దిందో మాత్రం చెప్పలేదు.

అతను విన్నాడు. విన్నంతసేపూ ముఖంలో ఏమీ కనబడలేదు. తర్వాత ఫక్కున నవ్వాడు.

"బాక్సింగా! ఇక నేను జాగ్రత్తగా ఉండాలన్నమాట. చూశావా అమ్మా? పాపం, నా చేతులు తిప్పి తిప్పి చూశావు."

సిస్టరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు.

"మరి ఆ జబ్బ మీద కమిలింది కూడా అక్కడిదేగా?" అన్నాడతను. అడిగింది పెళ్ళాన్ని. చూసింది తల్లిని.

"ఆఁ, అక్కడిదే," అంది కోడలు.

"నాతో ముందే చెప్పుంటే నేనే దింపేవాణ్ణిగా రోజూ. పిచ్చిపిల్ల." అతను దగ్గరికి జరిగి, ప్రేమగా ఆమె జబ్బ మీద చెయ్యి వేశాడు. "ఇకనుంచి నేనే దింపుతాను. నేనే తీసుకొస్తాను."

అతని నాలుగు వేళ్ళూ ఆ నాలుగు మచ్చల మీద ఒక్కొక్కటే వెళ్ళి కూర్చున్నాయి. ఎక్కడా ఒక్క పిసరు అటూ ఇటూ కాలేదు. కోడలి ముఖం మీద నవ్వు అలాగే ఉంది. ఊపిరి మాత్రం బిగబట్టింది.

"చెయ్యి తియ్యి," అంది సిస్టరమ్మ.

"ఏమిటమ్మా?"

"చెయ్యి తియ్యమన్నానురా."

అతను తల్లి వంక చూసి, ఎప్పటిలాగే మెత్తగా నవ్వాడు. చెయ్యి తియ్యలేదు.